పాత ప్రింటర్లు, కొత్త కంప్యూటర్: కొన్న కన్వర్టర్లలో ఏవి నిలబడ్డాయి

కంప్యూటర్ మార్చడం పెద్ద పనేం కాదు. దానికి తగిలించి ఉన్న సామాను సంగతే అసలు తలనొప్పి. మూడు కాపీల బిల్లు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, సీరియల్ వైరుతో నడిచే తూకం మిషన్, వీజీఏ మానిటర్లు, టకటకలాడే పాత కీబోర్డు, లేజర్ ప్రింటర్లు, ఫ్లాట్‌బెడ్ స్కానర్, ఇవన్నీ బాగానే పనిచేస్తూ ఉంటాయి, కానీ కొత్త కంప్యూటర్‌ని వెనక్కి తిప్పి చూస్తే వీటిలో సగానికి సరిపోయే పోర్టే ఉండదు. "ఇవి ఇక సపోర్ట్ చేయవండీ, కొత్తవి తీసుకోండి" అని చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఆ మాట నేను ఒప్పుకోను. బాగున్న వస్తువుని వైరు కుదరలేదని తుక్కులో వేయడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. వీటిలో చాలావాటిని కొత్త కంప్యూటర్‌కి శుభ్రంగా కలపొచ్చు, సరైన కన్వర్టర్ దొరకాలి అంతే. ఒక చిన్న ఆఫీసులో ఈ పని మొత్తం నేనే చూసుకున్నాను, ఆ కన్వర్టర్లనే ఇప్పుడు రోజూ వాడుతున్నాం, అందుకే ఒక్కోదాని గురించి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. కన్వర్టర్ కొనేటప్పుడు డబ్బా మీద పేరు చూడకండి, లోపల ఏ చిప్ ఉందో చూడండి. ఒకే చిప్ పెట్టిన కేబుల్‌ని నాలుగు పేర్లతో అమ్ముతారు, అదే పేరుతో ఈసారి ఒక చిప్ ఉన్నది వస్తే వచ్చేసారి ఇంకో చిప్ ఉన్నది వస్తుంది. చిప్ పేరు రాయని కేబుల్‌ని నేనైతే ముట్టుకోను. అమ్మేవాళ్లని అడిగితే చెప్పాలి, చెప్పలేకపోతే వేరేది చూసుకోవడమే.

మొదట యూఎస్‌బీ నుంచి ప్యారలల్ కేబుల్, అంటే పాత ప్రింటర్ల వెడల్పాటి పోర్టుని యూఎస్‌బీకి కలిపేది. ఒక చివర యూఎస్‌బీ ఉంటుంది, ఇంకో చివర ప్రింటర్ వెనకాల పెట్టే 36 పిన్నుల వెడల్పాటి సెంట్రానిక్స్ కనెక్టర్ ఉంటుంది. మా దగ్గరున్నది ఎప్సన్ ఎల్ఎక్స్-300, దీనికి యూఎస్‌బీ లేదు, తర్వాత వచ్చిన ఎల్ఎక్స్-310కి ఉంది కాబట్టి ఆ ప్రింటర్ ఉన్నవాళ్లకి ఈ కేబుల్ అవసరం లేదు. కేబుల్ పెట్టగానే విండోస్ దాన్ని యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్ అనే పేరుతో గుర్తుపట్టేస్తుంది, విడిగా డ్రైవర్ వేయాల్సిన పని లేదు. కానీ ప్రింటర్ల జాబితాలో మాత్రం ఏమీ కనిపించదు, అది చూసి కేబుల్ పాడైందనుకుని వెనక్కి పంపేసేవాళ్లు ఉన్నారు. కేబుల్ బాగానే ఉంటుంది. ప్రింటర్ తన పేరూ మోడలూ కంప్యూటర్‌కి చెప్పుకునే పద్ధతి 1994లో ఐఈఈఈ 1284 ప్రమాణంతో స్థిరపడింది, చాలా పాత ప్రింటర్లకి అది రాదు. అందుకని మనమే ప్రింటర్‌ని చేత్తో యాడ్ చేసి, పోర్టుల జాబితాలో యూఎస్‌బీ001 అని ఉన్నదాన్ని ఎంచుకుని, డ్రైవర్ కూడా మనమే చూపించాలి. అది చేశాక ప్రింట్ వెంటనే వచ్చింది, అప్పటినుంచి ఒక్కసారి కూడా మొరాయించలేదు.

డ్రైవర్ ఎంచుకునేటప్పుడు కాస్త ఆలోచించండి. విండోస్‌లో జెనెరిక్ టెక్స్ట్ ఓన్లీ అనే డ్రైవర్ ఎప్పటినుంచో ఉంది. ఇది అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు ప్రింటర్‌కి పంపేస్తుంది, ప్రింటర్ తనలో ఉన్న ఫాంటుతో కొడుతుంది, కాబట్టి బిల్లు చాలా వేగంగా వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో బిల్లులూ లెడ్జర్లూ తీసేవాళ్లకి ఇదే మంచిది. తెలుగు కావాలంటే మాత్రం ఇది పనికిరాదు, ఎందుకంటే ప్రింటర్ లోపలి ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు, చెత్త గుర్తులొస్తాయి. తెలుగు రావాలంటే పేజీ మొత్తాన్ని బొమ్మలా గీసి పంపే ఎప్సన్ 9 పిన్నుల డ్రైవర్ వేసుకోవాలి, అప్పుడు అక్షరాలు అందంగానే వస్తాయి కానీ ప్రింటింగ్ నెమ్మదిస్తుంది, చప్పుడు కూడా పెరుగుతుంది. మేం ఒకే ప్రింటర్‌ని రెండు పేర్లతో రెండుసార్లు యాడ్ చేసుకున్నాం, ఒకటి బిల్లులకి, ఒకటి తెలుగు ఉత్తరాలకి. రెండూ ఆ యూఎస్‌బీ001 పోర్టుకే వెళ్తాయి, ఎక్కడా గొడవ లేదు.

ఇక ఈ కేబుల్‌తో కుదరనివి కూడా చెప్పాలి, ఎందుకంటే డబ్బా మీద "యూఎస్‌బీ టు ప్యారలల్" అని రాసి అమ్ముతారు గానీ ఇది ప్యారలల్ పోర్ట్ కాదు, ప్రింటర్ కేబుల్ మాత్రమే. కంప్యూటర్‌లో ఎల్‌పీటీ1 (ప్యారలల్ పోర్టుకి విండోస్ పెట్టే పేరు) అనే పోర్ట్ దీనివల్ల పుట్టదు. ప్యారలల్ పోర్టుకి తగిలించే పాత సాఫ్ట్‌వేర్ లాక్, అంటే డాంగిల్, దీనికి పెడితే పనిచేయదు. ప్యారలల్ స్కానర్ పనిచేయదు. నేరుగా ఎల్‌పీటీ1కే ప్రింట్ పంపే పాత అకౌంట్స్ ప్రోగ్రామ్ ఉంటే దానికి ఒక దారి ఉంది: ప్రింటర్‌ని షేర్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్ కమాండ్‌తో ఎల్‌పీటీ1ని ఆ షేర్ పేరుకి కట్టేయాలి, పర్సిస్టెంట్ అని కూడా ఇస్తే కంప్యూటర్ ఆపి ఆన్ చేసినా అలాగే ఉంటుంది. అయితే అసలైన డాస్ ప్రోగ్రామ్ అయితే ఇంకో అడ్డం ఉంది. విండోస్ 11 కేవలం 64 బిట్‌గానే వస్తుంది, 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు తెరుచుకోనే తెరుచుకోవు. వాటికి డాస్ ప్రోగ్రాములని నడిపే డాస్‌బాక్స్-ఎక్స్ లాంటిది వేసి, అందులోంచి ప్రింట్ బయటికి పంపే ఏర్పాటు చేసుకోవాలి. చేయొచ్చు, కానీ ఒక పూట కూర్చుని ఓపిగ్గా చేయాల్సిన పని.

నిజమైన ప్యారలల్ పోర్టే కావాలంటే, డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకి నేను గట్టిగా చెప్పేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు. మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న చిన్న స్లాట్‌లో పెడితే వెనకాల 25 పిన్నుల అసలు సిసలు పోర్ట్ వస్తుంది. చిన్న స్లాట్ ఖాళీ లేకపోతే పొడుగు స్లాట్‌లో పెట్టినా పనిచేస్తుంది. మేం కొన్నది డబ్ల్యూసీహెచ్ కంపెనీ సీహెచ్382 చిప్ ఉన్నది. డ్రైవర్ వేశాక డివైస్ మేనేజర్‌లో పోర్ట్ ఎల్‌పీటీ3గా కనిపించింది, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఎల్‌పీటీ1గా మార్చాను. పాత సాఫ్ట్‌వేర్ లాక్ దీనికి పెట్టగానే పనిచేసింది. ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని ప్రోగ్రాములు విండోస్‌ని అడగకుండా నేరుగా హెక్సాడెసిమల్ 378 అనే అడ్రసులోనే పోర్ట్ కోసం వెతుకుతాయి, ఇలాంటి కార్డులకి సాధారణంగా వేరే అడ్రసు వస్తుంది, కాబట్టి అడ్రసు మార్చుకునే వీలు ఆ ప్రోగ్రామ్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. కొనే ముందు క్యాబినెట్ ఎత్తు కూడా చూడండి, సన్నటి క్యాబినెట్‌కి పొట్టి బ్రాకెట్ కావాలి, కొన్ని కార్డులతో అది విడిగా వస్తుంది, కొన్నిటితో రాదు.

సీరియల్ కన్వర్టర్ల దగ్గరికొస్తే, చెప్పాల్సింది ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

తూకం మిషన్లు, రసీదు ప్రింటర్లు, పాత బార్‌కోడ్ స్కానర్లు, యూపీఎస్‌లు, ఇంకా ఎన్నో ల్యాబ్ పరికరాలు, ఇవన్నీ మాట్లాడేది ఆర్ఎస్-232 అనే సీరియల్ పద్ధతిలో. ఈ ప్రమాణం 1960లో మొదలైంది, ఇప్పటికీ బతికే ఉంది, ఎందుకంటే వైర్లు తక్కువ, పద్ధతి సులువు, చెడిపోయేది పెద్దగా ఏమీ లేదు. కంప్యూటర్‌కి మాత్రం ఆ 9 పిన్నుల పోర్ట్ పోయింది. యూఎస్‌బీ నుంచి సీరియల్ కన్వర్టర్లు ఎక్కడ చూసినా దొరుకుతాయి, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, పనితనంలో మాత్రం ఎంతో తేడా. నేను వాడిచూసిన వాటిలో ఎఫ్‌టీడీఐ ఎఫ్‌టీ232ఆర్ చిప్ ఉన్నది అన్నిటికంటే బాగుంది. దానికి కారణం వేగం కాదు. ఈ చిప్ లోపల ఒక సీరియల్ నంబర్ ఉంటుంది, అందువల్ల కన్వర్టర్‌ని ఈ యూఎస్‌బీ పోర్టులోంచి తీసి ఆ పోర్టులో పెట్టినా విండోస్ దాన్ని అదే కామ్ నంబర్‌తో (సీరియల్ పోర్టుకి విండోస్ ఇచ్చే నంబర్) గుర్తుపెట్టుకుంటుంది. సీహెచ్340 చిప్ ఉన్నవాటికి ఆ నంబర్ ఉండదు. పోర్ట్ మారిస్తే నిన్న కామ్3గా ఉన్నది ఇవాళ కామ్7 అవుతుంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కామ్3లో వెతుకుతూ కూర్చుంటుంది, కౌంటర్ దగ్గర మనుషులు నిలబడి ఉంటారు, ఇక టెన్షన్. సాయంత్రం ఊడ్చేటప్పుడు ఎవరో ప్లగ్గు తీసి పక్కదాంట్లో పెట్టినా చాలు. సీహెచ్340 చెడ్డదని నేననను, చవకగా వస్తుంది, నిలకడగానే పనిచేస్తుంది, ఒకే పోర్టులో పెట్టి కదపకుండా ఉంచితే ఏ ఇబ్బందీ లేదు. మేమైతే ఆ యూఎస్‌బీ పోర్ట్ పక్కన ఒక రంగు స్టిక్కర్ అంటించాం.

ప్రొలిఫిక్ పీఎల్2303 చిప్‌ల కథ వేరు. ఒకప్పుడు ఎక్కడ చూసినా ఇవే ఉండేవి. నకిలీలు విపరీతంగా పెరిగిపోవడంతో కంపెనీ కొత్త డ్రైవర్లలో నకిలీలను ఆపేసింది, దాంతోపాటు తమ సొంత పాత రకం పీఎల్2303హెచ్‌ఎక్స్ఏ చిప్‌కి కూడా సపోర్ట్ తీసేసింది. అందువల్ల బాగా పనిచేస్తున్న కేబుల్ కొత్త విండోస్‌లో పెట్టగానే పసుపు గుర్తుతో కోడ్ 10 అనే ఎర్రర్ చూపిస్తుంది, లేదా ఈ చిప్ 2012లోనే ఆగిపోయింది, అమ్మినవాళ్లని అడగండి అనే అర్థంలో డివైస్ మేనేజర్‌లో ఒక పేరు కనిపిస్తుంది. డివైస్ మేనేజర్‌లోనే అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, జాబితాలోంచి పాత వెర్షన్ ఎంచుకుంటే మళ్లీ పనిచేస్తుంది, కానీ విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కొత్తది మళ్లీ వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. ఎఫ్‌టీడీఐ కూడా ఇలాంటి పనే చేసింది. 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్ ద్వారా వెళ్లిన వాళ్ల డ్రైవర్ నకిలీ చిప్‌లలోని గుర్తింపు సంఖ్యను సున్నాకి మార్చేసింది, దాంతో ఆ కన్వర్టర్లని ఏ కంప్యూటరూ గుర్తుపట్టలేకపోయింది, గొడవ పెద్దదయ్యాక ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకున్నారు. నకిలీని అమ్మినవాడు హాయిగానే ఉన్నాడు, తెలియక కొన్నవాడు నష్టపోయాడు. అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. మా దగ్గరికి వచ్చిన ఒక కన్వర్టర్ కూడా లోపల నకిలీ చిప్ ఉన్నదే, అమ్మినవాళ్లు మార్చివ్వడానికి ఒప్పుకోలేదు. అప్పటినుంచి ఏ కన్వర్టర్ వచ్చినా రిటర్న్ గడువు దాటకముందే కొత్త విండోస్‌లో పెట్టి చూసి, ఆ తర్వాతే పక్కన పెడుతున్నాం.

కన్వర్టర్ బాగుందో లేదో తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఇంకే పరికరానికీ తగిలించకుండా, 9 పిన్నులలో 2, 3 పిన్నులని ఒక చిన్న వైరు ముక్కతో కలపండి. పుట్టీ లాంటి ప్రోగ్రామ్‌లో ఆ కామ్ పోర్ట్ తెరిచి ఏదైనా టైప్ చేయండి. టైప్ చేసిన అక్షరం తిరిగి తెర మీదికి వస్తే కన్వర్టర్, డ్రైవర్ రెండూ బాగున్నట్టే, తేడా మిషన్ వైపు ఉందన్నమాట. అక్కడ చూడాల్సింది స్పీడు, బిట్లు, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్). ఎక్కువ పరికరాలు 9600 స్పీడు, 8 బిట్లు, పారిటీ లేకుండా ఉంటాయి, కానీ తూకం మిషన్లలో 2400 స్పీడు, 7 బిట్లు, ఈవెన్ పారిటీ ఉన్నవి కూడా ఉంటాయి, మిషన్ మాన్యువల్ చూస్తే గానీ తెలియదు. అంతా సరిగ్గా ఉండి కూడా ఏమీ రావట్లేదంటే కేబుల్ నేరుగా వెళ్లేదా, 2, 3 పిన్నులు అడ్డంగా మారే నల్ మోడెమ్ రకమా అన్నది చూడండి, చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది.

పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి కామ్1 నుంచి కామ్4 వరకే కనిపిస్తాయి. డివైస్ మేనేజర్‌లో పోర్ట్ సెట్టింగ్స్, అక్కడ అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే నంబర్ మార్చుకోవచ్చు. ఆ నంబర్ వాడుకలో ఉందని చూపించినా, అది ఎప్పుడో తీసేసిన కన్వర్టర్ తాలూకు నంబర్ అయితే ధైర్యంగా ఇచ్చేయొచ్చు. ఇంకో సమస్య కాసేపు వాడకపోతే తూకం మిషన్ ఆగిపోవడం. విండోస్ కరెంటు ఆదా చేయడానికి యూఎస్‌బీ పరికరాలని నిద్రపుచ్చుతుంది, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్‌లో ఆ టిక్కు తీసేస్తే సరి. ఒక హెచ్చరిక కూడా ఇవ్వాలి. ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టుల కోసం అమ్మే చిన్న టీటీఎల్ బోర్డులు కూడా యూఎస్‌బీ టు సీరియల్ అనే పేరుతోనే ఉంటాయి, చవక కూడా. అవి 3.3 లేదా 5 వోల్టులకి చేసినవి, ఆర్ఎస్-232 వైర్లలో ప్లస్ మైనస్ 15 వోల్టుల దాకా రావచ్చు. తగిలిస్తే బోర్డు కాలిపోతుంది.

మానిటర్ల విషయం త్వరగా చెప్పేస్తాను, ఇందులో పెద్ద కష్టం లేదు. వీజీఏ 1987లో వచ్చింది, అది అనలాగ్ సిగ్నల్, హెచ్‌డీఎంఐ డిజిటల్, కాబట్టి మధ్యలో మార్చే చిప్ ఉండి తీరాలి. రెండు చివర్లా ప్లగ్గులు మాత్రమే ఉండి లోపల ఏమీ లేని హెచ్‌డీఎంఐ వీజీఏ కేబుళ్లు అమ్ముతున్నారు, వాటితో తెర నల్లగానే ఉంటుంది, కొనకండి. దిశ కూడా చూడండి. మనకి కావాల్సింది కంప్యూటర్ హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్ వీజీఏకి వెళ్లేది, దానికి ఎదురుగా వెళ్లేవి వేరేగా ఉంటాయి, ఒకదాని బదులు ఇంకోటి పనిచేయదు. మేం కొన్న చిన్న తెల్ల కన్వర్టర్ 1280 ఇన్‌టు 1024 పాత మానిటర్ మీద అక్షరాలు చక్కగా చూపిస్తోంది, మొదట్లో కాస్త మసకగా ఉంటే మానిటర్ మీద ఆటో బటన్ నొక్కగానే సర్దుకుంది. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ-సీ ఒక్కటే ఉంటే, ఆ పోర్ట్ వీడియో ఇస్తుందో లేదో ముందు తెలుసుకోండి. అన్ని యూఎస్‌బీ-సీ పోర్టులూ వీడియో ఇవ్వవు, డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉన్నవే ఇస్తాయి.

కీబోర్డులకి వస్తే, గుండ్రటి 6 పిన్నుల పీఎస్/2 కనెక్టర్ ఉన్నవాటికి రెండు రకాల కన్వర్టర్లు దొరుకుతాయి. వేలెడంత ఉండే ప్లాస్టిక్ ముక్క లోపల వైర్లు తప్ప ఏమీ ఉండవు, అది పీఎస్/2, యూఎస్‌బీ రెండు భాషలూ వచ్చిన కీబోర్డులకే పనిచేస్తుంది. ఐబీఎం మోడల్ ఎం లాంటి పాత కీబోర్డుకి యూఎస్‌బీ భాష రాదు, దానికి లోపల చిప్ ఉండి, రెండు గుండ్రటి సాకెట్లు వేలాడే యాక్టివ్ కన్వర్టర్ కావాలి. పాత మోడల్ ఎంలు కరెంటు కూడా ఎక్కువే లాగుతాయి, కొన్ని చవక కన్వర్టర్లతో కీలు తడబడతాయి. మాకు మంచిదే దొరికింది. ఆ కీబోర్డు మీద టైప్ చేసే మా అకౌంటెంట్ గారు ఇంకో కీబోర్డు ముట్టుకోరు, నాకు ఆయన బాధ పూర్తిగా అర్థమవుతుంది, అలాంటి కీలు ఇప్పుడు మామూలు కీబోర్డుల్లో రావట్లేదు.

యూఎస్‌బీ ఉన్న పాత ప్రింటర్లకి పోర్ట్ సమస్య లేదు కదా అనుకుంటాం. చదరపు ప్లగ్గున్న కేబుల్‌కి యూఎస్‌బీ-సీ చివర ఉన్నది దొరుకుతుంది, దాంతో నేరుగా కలిసిపోతుంది. అప్పుడప్పుడు పాత ప్రింటర్ కొత్త నీలం పోర్టులో పెడితే కనిపించీ కనిపించకుండా ఆడుతుంది, మధ్యలో ఒక మామూలు యూఎస్‌బీ 2.0 హబ్ పెట్టి చూడండి, చాలాసార్లు అదే మందు. అసలు సంగతి ప్రింటర్‌కి ఏ భాష వచ్చు అన్నది. హెచ్‌పీ లేజర్‌జెట్ 4 అనే ప్రింటర్ 1992లో వచ్చింది, దానికి పీసీఎల్ అనే ప్రింటర్ భాష వచ్చు కాబట్టి ఏదో ఒక పీసీఎల్ డ్రైవర్‌తో ఇవాళ్టి కంప్యూటర్ నుంచి కూడా ప్రింట్ వస్తుంది. దానికంటే ఎంతో తర్వాత వచ్చిన లేజర్‌జెట్ 1020కి ఆ భాష రాదు, పేజీ తయారుచేసే పనంతా కంప్యూటర్‌లో డ్రైవరే చేయాలి, పైగా ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్, అంటే ప్రింటర్ లోపల నడిచే ప్రోగ్రామ్, కూడా కంప్యూటరే ఎక్కించాలి. డ్రైవర్ లేని రోజున ఆ ప్రింటర్ బతికుండీ లాభం లేదు. పాత ప్రింటర్ ఎవరైనా ఇస్తామంటే వయసు అడగకండి, పీసీఎల్ గానీ పోస్ట్‌స్క్రిప్ట్ అనే ఇంకో ప్రింటర్ భాష గానీ ఉందా అని అడగండి. విండోస్ అప్‌డేట్ ద్వారా కంపెనీల సొంత ప్రింటర్ డ్రైవర్లు ఇవ్వడం దశలవారీగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది కూడా, కాబట్టి ఇప్పుడు పనిచేస్తున్న డ్రైవర్ల ఫైళ్లని ఒక ఫోల్డర్‌లో దాచి పెట్టుకోండి. మేం అదే చేశాం.

డ్రైవర్ల గొడవంతా వదిలించుకునే మార్గం ఒకటుంది, నాకు అన్నిటికంటే నచ్చింది కూడా ఇదే. పక్కన పడేసిన పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, కప్స్ అనే ప్రింటింగ్ వ్యవస్థని పెట్టి, మిగతా పాత ప్రింటర్లన్నీ దానికే తగిలించాం. పాత ప్రింటర్లకి కావాల్సిన డ్రైవర్లు లినక్స్‌లో చాలావరకు ఉంటాయి, ఆ లేజర్‌జెట్ 1020కి కూడా ఉంది. కొత్త కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద దానికి ప్రింట్ పంపుతాయి, వాటిలో ఏ పాత డ్రైవరూ వేయాల్సిన అవసరం రాలేదు, ఫోన్ల నుంచి కూడా ప్రింట్ వస్తోంది. ఆ పాత కంప్యూటర్‌కి ప్యారలల్ పోర్ట్ ఎలాగూ ఉంది, కన్వర్టరే అక్కర్లేదు. పెట్టడానికి లినక్స్ తెలిసిన మనిషి ఒకరు కావాలి, పెట్టాక మాత్రం మర్చిపోవచ్చు.

చివరగా స్కానర్లు. ఇక్కడ వైరు సమస్య తక్కువ, డ్రైవర్ సమస్య ఎక్కువ. 32 బిట్ విండోస్‌కి రాసిన డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో ఎక్కదు, కంపెనీ కొత్త డ్రైవర్ ఇవ్వకపోతే స్కానర్ ఎంత బాగున్నా పక్కన పెట్టాల్సిందే అని చాలామంది వదిలేస్తారు. వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ 1998 నుంచి ఉంది, దానిలో వేల స్కానర్లకి సొంత డ్రైవర్లు ఉన్నాయి, కంపెనీ ఎప్పుడో వదిలేసిన మోడళ్లకి కూడా. డబ్బు కట్టాలి, కానీ ముందు ఉచితంగా పెట్టి చూడొచ్చు, ఉచిత రకంలో పేజీ మీద గుర్తు పడుతుంది గానీ మన స్కానర్ పనిచేస్తుందో లేదో తేలిపోతుంది. మా క్యానన్ లైడ్ స్కానర్ దీంతో మళ్లీ లేచి కూర్చుంది, కట్టిన డబ్బుకి నాకు ఏ చింతా లేదు. డబ్బు పెట్టలేమంటే లినక్స్‌లో సేన్ అనే ఉచిత స్కానింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, నేను పైన చెప్పిన పాత కంప్యూటర్‌కే స్కానర్ కూడా తగిలించి వాడుకోవచ్చు. పేజీలు వరసగా స్కాన్ చేసి పీడీఎఫ్ కట్టడానికి ఎన్ఏపీఎస్2 అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, బాగుంది, కానీ విండోస్‌లో దానికి స్కానర్ డ్రైవర్ విడిగా ఉండాలి.

స్కజీ (యూఎస్‌బీకి ముందు వాడిన ఒక పాత రకం కనెక్షన్) స్కానర్, ప్యారలల్ స్కానర్ ఉన్నవాళ్లకి మాత్రం నేను ఏ కన్వర్టరూ చెప్పను. స్కజీకి యూఎస్‌బీ కన్వర్టర్లు దొరకడమే కష్టం, దొరికినా కొత్త విండోస్‌కి డ్రైవర్ ఉండదు. ప్యారలల్ స్కానర్‌కి ప్రింటర్ కేబుల్ పనికిరాదని ముందే చెప్పాను, కార్డు పెట్టినా 64 బిట్ డ్రైవర్ దొరకదు. అలాంటి స్కానర్ తప్పనిసరిగా కావాలంటే దానితో వచ్చిన పాత కంప్యూటర్‌నే పాత విండోస్‌తో అలాగే ఉంచండి, ఇంటర్నెట్ మాత్రం పూర్తిగా తీసేయండి, స్కాన్ చేసిన ఫైళ్లని పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుని కొత్త కంప్యూటర్‌లో వైరస్ చెక్ చేశాకే తెరవండి. హార్డ్ డిస్క్‌కి ఒక పూర్తి కాపీ కూడా ఇప్పుడే తీసి పెట్టుకోండి, ఆ డిస్క్ పోతే ఆ డ్రైవర్ మళ్లీ ఎక్కడా దొరక్కపోవచ్చు.